పోతీఫరు భార్యకు పేరు పెట్టిందెవరు?

సండే స్కూల్లో యోసేపు కథ విన్న పిల్లలకి ఆ రంగురంగుల అంగీ గుర్తుంటుంది, గుంటలో పడేసిన అన్నలు గుర్తుంటారు, ఫరో కలలో బక్క ఆవులు బలిసిన ఆవుల్ని మింగేయడం గుర్తుంటుంది. మధ్యలో, యోసేపుని బానిసగా కొన్న ఐగుప్తు అధికారి పోతీఫరు ఇల్లాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పేవాళ్ళు కాస్త తొందరపడతారు. పోతీఫరు భార్య చెడ్డది, యోసేపు మంచివాడు, తప్పించుకుని పారిపోయాడు, అంతే, కథ జైలుకి వెళ్ళిపోతుంది. బైబిలు కూడా ఆమె దగ్గర ఎక్కువసేపు ఆగదు. ఆదికాండము 39వ అధ్యాయం 7వ వచనంలో కనిపిస్తుంది, 20వ వచనం వచ్చేలోపే కథలోంచి వెళ్ళిపోతుంది. పేరు లేదు. ఎవరి కూతురో లేదు. యోసేపు ఐగుప్తుకి అధికారి అయ్యాక ఆమె ఏమైందో అసలే లేదు.

అంత చిన్న పాత్ర తర్వాతి రెండు వేల ఏళ్ళలో ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో సూఫీ కవికి ఆమె దైవప్రేమకి మారుపేరు. కాశ్మీరంలో సంస్కృత కావ్య నాయిక. గోల్కొండలో దఖనీ (దక్కను ఉర్దూ) మస్నవీకి, అంటే ద్విపదల కథాకావ్యానికి, కథావస్తువు. హైదరాబాద్‌లో ఈరోజుకీ ఆడపిల్లలకి ఆమె పేరు పెట్టుకుంటున్నారు. బైబిల్లో ఆమెకి లేని ఆ పేరే: జులేఖా.

ఇదంతా ఎలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ పదమూడు వచనాల్నే దగ్గరగా చూడాలి. హీబ్రూ మూలంలో ఆమె యోసేపుతో అనేది రెండే రెండు మాటలు: షిఖ్వా ఇమ్మీ. నాతో పడుకో. పలకరింపు లేదు, బతిమాలడం లేదు. యోసేపు మాత్రం పెద్ద జవాబే చెప్తాడు, యజమాని నన్ను నమ్మాడు, ఇంట్లో నువ్వు తప్ప అన్నీ నా చేతికి అప్పగించాడు, దేవునికి విరోధంగా ఇంత పాపం ఎలా చేస్తాను అని. అతను ఒప్పుకోలేదు అని చెప్పే హీబ్రూ మాట మీద, యూదులు తోరా (వాళ్ళ ధర్మశాస్త్ర గ్రంథం) చదివేటప్పుడు పాడే స్వరాల్లో చాలా అరుదైనది ఒకటి ఉంటుంది. షల్షెలెత్ అంటారు, తోరా మొత్తంలో నాలుగే చోట్ల వస్తుంది. గొంతు పైకీ కిందకీ ఊగుతూ సాగుతుంది. ఆ ఊగిసలాట యోసేపు మనసులోదే అని వ్యాఖ్యానించినవాళ్ళు ఉన్నారు. అంటే ఆ గదిలో కోరిక ఒకవైపే ఉందా అన్న అనుమానం మూలాన్ని భక్తిగా చదివేవాళ్ళకే వచ్చిందన్నమాట.

తర్వాత వస్త్రం సంగతి. యోసేపు తన వస్త్రాన్ని ఆమె చేతిలో వదిలేసి పారిపోయాడు అని కథకుడు చెప్తాడు. ఆమె చెప్పేటప్పుడు అది "నా దగ్గర" వదిలేసి పోయాడు అవుతుంది. చేతిలో ఉందంటే తనే పట్టుకున్నట్టు, దగ్గర ఉందంటే అతనే విప్పినట్టు. ఒక్క మాట మార్చింది, కేసు తిరగబడింది. ఇంకోటి కూడా ఉంది. ఇంట్లో పనివాళ్ళకి చెప్పేటప్పుడు అతన్ని హెబ్రీ మనిషి అంటుంది, మొగుడికి చెప్పేటప్పుడు హెబ్రీ దాసుడు అంటుంది. పనివాళ్ళూ దాసులే కదా, వాళ్ళ ముందు దాసుడు అని తిడితే వాళ్ళకీ తగులుతుంది, అందుకే అక్కడ పరాయి జాతివాడన్న మాటతో సరిపెట్టింది. మొగుడి దగ్గర మాత్రం నువ్వు కొనుక్కొచ్చిన బానిస అని గుర్తు చేస్తుంది. ఇంత తక్కువ మాటల్లో ఇంత తెలివైన మనిషిని చూపించి, ఆమె గురించి ఇంకేమీ చెప్పకుండా వదిలేసింది మూలం. తర్వాతివాళ్ళకి చేతులు దురద పెట్టకుండా ఎలా ఉంటాయి?

కథ మూస కొత్తదేం కాదు. అన్న భార్య తమ్ముణ్ణి కోరడం, కాదంటే నింద వేయడం అనే కథ ఈజిప్టులోనే అన్పు, బాటా అనే అన్నదమ్ముల పేర్లతో క్రీస్తుకు పూర్వం 1200 ప్రాంతపు పపైరస్ మీద ఉంది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సవతి కొడుకుల్ని కోరిన గ్రీకుల ఫీడ్రా, అశోకుడి కొడుకు కునాలుడి కథలో తిష్యరక్షిత కూడా ఇదే వరసలోకి వస్తారు. వాళ్ళందరిలో పోతీఫరు భార్యకి దక్కినలాంటి రెండో జీవితం ఇంకెవరికీ దక్కలేదేమో అనిపిస్తుంది.

మొదట ఖాళీలు పూరించడం మొదలుపెట్టింది యూదు మతగురువులైన రబ్బీలే. వాళ్ళకి రెండు చోట్ల దారి దొరికింది. ఒకటి, పోతీఫరు హోదాకి హీబ్రూలో వాడిన మాట సరీస్. తెలుగు బైబిల్లో అది ఉద్యోగస్థుడు అయింది, కానీ ఆ మాటకి నపుంసకుడు అనే అర్థం కూడా ఉంది. ఆ రెండో అర్థం తీసుకుంటే ఆ ఇంటి పడకగది మొత్తం వేరేలా కనిపిస్తుంది. రెండు, యోసేపు తర్వాత పెళ్ళి చేసుకున్న ఆసెనతు ఓను యాజకుడు పోతీఫెర కూతురు. పోతీఫరు, పోతీఫెర ఇద్దరూ ఒకరే అనుకున్నారు రబ్బీలు. అప్పుడు కథ ఎలా మారిందంటే, పోతీఫరు భార్యకి జ్యోతిషంలో యోసేపు ద్వారా తన వంశం నిలుస్తుందని కనిపించింది, అయితే అది తన కడుపునా తన కూతురి కడుపునా అన్నది తెలియలేదు. తెలియక తొందరపడింది. పదకొండో శతాబ్దపు ఫ్రాన్స్‌లో బైబిలు వ్యాఖ్యాత రాషీ కూడా ఈ మాటనే ఎత్తుకుని, ఆమెనీ, వంశం కోసం మారువేషంలో మామని కలిసిన తామారునీ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ దేవుని కోసమే చేశారు అంటాడు. ధర్మశాస్త్రం మీద జీవితాలు ధారపోసిన మనుషులు ఈమె గురించి ఇలా ఆలోచించారంటే చిన్న విషయం కాదు. చేసింది తప్పు కాదని వాళ్ళు అనలేదు. ఆ పని వెనక ఒక కారణం ఉండాలి, కారణం లేకుండా మనిషి ఉండదు అని మాత్రం పట్టుబట్టారు.

వాళ్ళ దగ్గరే ఇంకో కథ కూడా ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చి, ఏమిటమ్మా ఇలా చిక్కిపోయావు అని అడిగారట. ఆమె వాళ్ళ చేతికి తలో దబ్బపండూ తలో కత్తీ ఇచ్చి, యోసేపుని పిలిపించింది. అతన్ని చూస్తూ పండు కోయబోయి చేతులు కోసుకున్నారు అందరూ. ఒక్కసారి చూస్తేనే మీకిలా అయింది, రోజూ చూసే నా సంగతేమిటి అంది. ఖురాన్‌లోనూ ఈ విందు ఉంది, అక్కడ ఆ ఆడవాళ్ళు ఇతను మనిషి కాడు, దేవదూత అంటారు. ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందన్న దాని మీద పండితుల వాదన ఇంకా నడుస్తోంది. కథకి సంబంధించినంతవరకు ముఖ్యమైంది ఒకటే: ఈ సీన్‌తో ఆమె ఒంటరిది కాకుండా పోయింది. ఒక చెడ్డ మనిషి కోరిక అనుకున్నది, కళ్ళున్న ఎవరికైనా కలిగే కోరిక అయింది.

ఖురాన్‌లో పన్నెండో సూరా (అధ్యాయం) మొత్తం, 111 ఆయతులు (వచనాలు), యూసుఫ్ కథే, అంటే యోసేపు కథే. తనే దాన్ని కథలన్నిటిలోకి ఉత్తమమైన కథ అంటుంది. అక్కడా ఆమెకి పేరు లేదు, అజీజ్ (ఐగుప్తు పెద్ద అధికారి) భార్య అంతే. కానీ రెండు పెద్ద మార్పులు జరిగాయి. మొదటిది చొక్కా. ఇద్దరూ తలుపు వైపు పరిగెత్తారు, ఆమె వెనకనుంచి పట్టుకుంటే చొక్కా చిరిగింది, తలుపు దగ్గర మొగుడు ఎదురయ్యాడు. ముందు చిరిగితే ఆమె మాట నిజం, వెనక చిరిగితే అతని మాట నిజం అని ఆమె ఇంటివాళ్ళలోనే ఒకరు తీర్పు చెప్పారు. బైబిల్లో ఎవరూ విచారణే చేయలేదు, ఇక్కడ సాక్ష్యం చూసి తేల్చారు. రెండోది ఇంకా పెద్దది. చాలా ఏళ్ళ తర్వాత రాజు పిలిపించి అడిగినప్పుడు ఆమె అందరి ముందూ ఒప్పుకుంటుంది, ఇప్పుడు నిజం బయటపడింది, అతన్ని కోరింది నేనే, అతను సత్యవంతుడు అని. బైబిల్లో అబద్ధంతో ఆగిపోయిన మనిషికి ఇక్కడ నిజం చెప్పే అవకాశం దొరికింది. తర్వాత వెయ్యేళ్ళ కవిత్వమంతా ఈ ఒక్క ఒప్పుకోలు మీద నిలబడింది అనొచ్చు.

ఇదే సూరాలో భర్త కోపంతో అన్న మాట ఒకటుంది, మీ ఆడవాళ్ళ కుట్ర చాలా పెద్దది అని. కథలో ఒక పాత్ర ఒక సందర్భంలో అన్న మాట అది. దాన్ని విడిగా తీసి, ఆడవాళ్ళందరి మీదా తీర్పులాగా శతాబ్దాల తరబడి వాడారు. ఆమె ఒప్పుకోలుని మాత్రం అంతగా ఎవరూ సామెత చేయలేదు. ఈ తేడా బాధ కలిగిస్తుంది.

పేరు విషయానికొస్తే, 923లో చనిపోయిన చరిత్రకారుడు తబరీ ఆమెని రాయీల్ అన్నాడు. భర్త పోయాక యూసుఫ్ ఆమెని పెళ్ళి చేసుకున్నాడనీ, ఆమె అప్పటికీ కన్యగానే ఉందనీ, ఎఫ్రాయిము, మనష్షే ఆమె కన్న పిల్లలేననీ కూడా ఆయన రాశాడు. బైబిల్లో ఆ ఇద్దరూ ఆసెనతు కొడుకులు. జులేఖా అన్న పేరు మెల్లగా స్థిరపడి, పర్షియన్ కవిత్వం చేతిలో పడ్డాక ఇంక మారలేదు. పదమూడో శతాబ్దపు సూఫీ కవి రూమీ రాసిన మస్నవీ ఆరో భాగంలో ఒక మాట ఉంది. జులేఖా యూసుఫ్ పేరుని అన్నిటిలో దాచిపెట్టిందట. మైనం మెత్తబడింది అన్నా, చంద్రుడు వచ్చాడు అన్నా, రొట్టెలో ఉప్పు లేదు అన్నా, తలనొప్పిగా ఉంది అన్నా, ఆ మాటకి లోపలి అర్థం యూసుఫే. ఆకలేస్తే ఆ పేరు తలుచుకుంటే కడుపు నిండేది, చలేస్తే అదే దుప్పటి. రెండు మాటలకి మించి మాట్లాడనివ్వని బైబిలు కథనుంచి ఇక్కడిదాకా, లోకంలో ప్రతి మాటా ఆమె ప్రేమ భాష అయ్యేదాకా వచ్చింది.

1483లో హెరాత్‌లో సూఫీ కవి జామీ పర్షియన్లో రాసిన యూసుఫ్ జులేఖా కావ్యం అన్నిటికీ పరాకాష్ట. అందులో కథ యూసుఫ్‌ని అమ్మేయడానికి చాలా ముందే జులేఖాతో మొదలవుతుంది. ఆమె పడమటి దేశపు రాజు కూతురు. కలలో మూడుసార్లు ఒక యువకుణ్ణి చూసింది, మూడోసారి నాది మిస్రు (ఐగుప్తు) దేశం, అక్కడ మంత్రిని అన్నాడు. వచ్చిన సంబంధాలన్నీ వద్దని, తండ్రిని ఒప్పించి, పల్లకీలో మిస్రుకి బయల్దేరింది. ఊరి బయట గుడారం సందులోంచి పెళ్ళికొడుకుని చూసి గుండె పగిలింది: కలలోని మనిషి ఇతను కాదు. అయినా వెనక్కి వెళ్ళే దారి లేదు. అజీజ్‌తో కాపురం పేరుకే. ఆ తర్వాత ఎప్పుడో బజారులో వేలానికి నిలబెట్టిన బానిసలో కలలోని ముఖం కనిపించింది.

ఇలా చూస్తే ఆమె పరాయి మగాణ్ణి కోరిన ఇల్లాలు కాదు, తన మొదటి ప్రేమకే కట్టుబడిన మనిషి. ఏడు గదుల మేడ కట్టించి, ఒక్కో గది దాటగానే తాళం వేస్తూ యూసుఫ్‌ని లోపలికి తీసుకెళ్తుంది. ఆఖరి గదిలో ఒక మూల తెర కట్టి ఉంది. ఏమిటది అంటే నా దేవత విగ్రహం, ఇది చూడకూడదని మూశాను అంటుంది. రాయికి నువ్వు సిగ్గుపడితే, చూసే దేవుడికి నేను సిగ్గుపడొద్దా అని అతను పరుగు తీస్తాడు, తాళాలు వాటంతటవే ఊడిపోతాయి. 1488లో పర్షియన్ చిత్రకారుడు బిహ్జాద్ ఈ సన్నివేశం చిత్రించాడు, సాదీ అనే కవి కావ్యం బూస్తాన్ రాతప్రతి కోసం, అది ఇప్పుడు కైరోలో ఉంది. ఆ బొమ్మలో ముందు కనిపించేది మనుషులు కాదు, భవనం. మెట్లు ఒకదాని మీద ఒకటి వంకరలు తిరుగుతూ పోతుంటాయి, మూసిన తలుపుల మీద మూసిన తలుపులు, సన్నని నగిషీ పలకలు. కన్ను ఆ తలుపులన్నీ దాటుకుని పైకి వెళ్తే కుడివైపు చివర్న ఎర్ర బట్టల్లో జులేఖా మోకాళ్ళ మీద వాలి చెయ్యి చాచి ఉంటుంది, ఆకుపచ్చ బట్టల్లో యూసుఫ్, తల చుట్టూ మంటలాంటి వెలుగుతో, జారిపోతూ ఉంటాడు. ఇంకెవరూ లేరు. అంత పెద్ద ఇంట్లో ఆమె ఎంత ఒంటరిదో ఆ ఖాళీ గదులే చెప్తాయి.

జామీ అక్కడితో ఆగలేదు. అజీజ్ చనిపోయాడు, జులేఖా ఆస్తంతా యూసుఫ్ కబురు తెచ్చినవాళ్ళకి ఇచ్చేసింది, ముసలిదైంది, ఏడ్చి ఏడ్చి చూపు పోయింది. అతను వెళ్ళే దారి పక్కన రెల్లు గుడిసె వేసుకుని, గుర్రాల గిట్టల చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చునేది. చివరికి తన విగ్రహాన్ని పగలగొట్టి దేవుణ్ణి తలుచుకున్నాక అతనికి ఆమె గొంతు వినిపించింది. అతని ప్రార్థనతో చూపు, వయసు తిరిగొచ్చాయి, పెళ్ళయింది. ఇప్పుడు ఆమె మనసు దేవుడి మీదకి మళ్ళింది, దూరంగా జరగబోతుంటే ఈసారి యూసుఫ్ వెనకనుంచి పట్టుకుంటే ఆమె చొక్కా చిరిగింది. ఒకప్పుడు నీది నేను చింపాను, ఇవాళ నాది నువ్వు చింపావు, లెక్క సరిపోయింది అంటుంది. ఆదికాండములో సాక్ష్యంగా మిగిలిన గుడ్డ ఇక్కడ మొగుడూ పెళ్ళాల మధ్య సరసం అయిపోయింది.

జామీ రాసిన ఇరవై రెండేళ్ళకే, 1505లో, కాశ్మీరంలో శ్రీవరుడు అనే పండితుడు దీన్ని కథాకౌతుకం పేరుతో సంస్కృతంలోకి తెచ్చాడు. కాశ్మీర చరిత్ర రాసిన జోనరాజు శిష్యుడు, సుల్తానుల ఆస్థానంలో ఉన్నవాడు, శివభక్తుడు. హీబ్రూలో మొదలైన కథ అరబ్బీ, పర్షియన్ మీదుగా శ్లోకాల్లోకి వచ్చిందంటే ఈ దేశంలో పండితుల మధ్య గోడలు మనం అనుకున్నంత ఎత్తుగా ఉండేవి కావు. బెంగాలీలో షా ముహమ్మద్ సగీర్, కాశ్మీరీలో మహమూద్ గామీ రాశారు. మన వైపు చూస్తే, పదహారో శతాబ్దం చివర్లో గుజరాత్ నుంచి గోల్కొండకి వచ్చిన అహ్మద్, మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆస్థానంలో దఖనీలో యూసుఫ్ జులేఖా మస్నవీ రాశాడు. బీజాపూర్‌లో అంధకవి హాష్మీ ఇంకొకటి రాశాడు. ఆడవాళ్ళ గొంతుతో, ఆడవాళ్ళ మాటల్లో గజళ్ళు కట్టడంలో పేరున్నవాడు ఆయన, ఈ కథ ఆయన చేతికి రావడం సహజంగానే ఉంది.

యూరప్ దారి వేరు. అక్కడ చిత్రకారులకి ఆమె ఎక్కువగా పరుపూ, దుప్పటీ, లాగే చెయ్యి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1634లో చెక్కిన చిన్న ప్రింట్, అరచేతిలో పట్టేంత, చాలా మొరటుగా ఉంటుంది. అదే రెంబ్రాంట్ 1655 నాటి పెయింటింగ్‌లో ఆమె కుర్చీలో కూర్చుని భర్తకి చెప్తోంది, పక్కన యోసేపు మౌనంగా ఉన్నాడు, మూలంలో అతను ఆ సమయానికి అక్కడ లేనే లేడు. బొలోన్యాలో 1520ల్లో ప్రొపెర్జియా దె రోస్సీ అనే శిల్పి ఇదే దృశ్యం పాలరాతిలో మలిచింది. ఆ కాలంలో ఆడమనిషి రాయి చెక్కడమే అరుదు. దాంతో కళాకారుల చరిత్రలు రాసిన ఇటలీ రచయిత వసారి ఆమె జీవితచరిత్ర రాస్తూ, తన విఫలప్రేమనే అందులో చెక్కుకుందని చెప్పాడు. మగ శిల్పుల గురించి అయితే పనితనం మాట్లాడేవారు, ఇక్కడ సొంత గోడు వెతికారు. పోతీఫరు భార్య మీద పడిన నీడ ఆమెని చెక్కిన చేతి మీదా పడింది.

యూరప్‌లో ఆమెకి పూర్తి న్యాయం చేసింది జర్మన్ నవలాకారుడు థామస్ మన్, యోసేపు మీద రాసిన నాలుగు సంపుటాల నవలలో. 1936లో వచ్చిన మూడో సంపుటంలో ఆమెకి ముట్-ఎమ్-ఎనెట్ అని ఈజిప్టు పేరు పెట్టి, సరీస్ అన్న మాటని అక్షరాలా తీసుకుని భర్తని నపుంసకుణ్ణి చేశాడు. ఆ రెండు హీబ్రూ మాటల వెనక మూడేళ్ళు పెట్టాడు: మొదటి ఏడు ప్రేమని దాచుకుంది, రెండో ఏడు తెలియనిచ్చింది, మూడో ఏడు అడిగింది. అడిగేటప్పుడు కూడా, ఆ మాట బయటికి రాకూడదని ముందే నాలుక కొరుక్కుంది, అందుకే చిన్నపిల్లలా నత్తిగా వచ్చింది ఆ మాట.

ఇన్ని అందమైన కథల మధ్య ఒకటి జారిపోయింది, అది గట్టిగా చెప్పుకోవాలి. యోసేపు బానిస. డబ్బిచ్చి కొన్న మనిషి. కాదు అన్నందుకు జైలుపాలైన మనిషి. ఆదికాండము ఆ సంగతి ఒక్క క్షణం కూడా మరవదు, ఆమె ఆజ్ఞాపిస్తుంది తప్ప అడగదు, ఎందుకంటే యజమానురాలు. జామీ లాంటివాళ్ళు ఆమె ప్రేమని ఆకాశానికి ఎత్తేసరికి ఈ అధికారం కనిపించకుండా పోయింది. పని ఇచ్చేవాళ్ళ చేతిలో ఇరుక్కుని నోరెత్తలేని వాళ్ళు ఈ కథ చదివితే వాళ్ళకి గుర్తుండేది ఏడు గదుల తాళాలే. ఆమెకి మనసుందని ఒప్పుకోవడానికి అతని నిస్సహాయతని చెరిపేయనక్కర్లేదు. మన్ ఈ రెండిటినీ ఒకేసారి పట్టుకోగలిగాడు, ఆ పుస్తకం గొప్పతనం చాలావరకు అదే.

తెలుగువాళ్ళకి ఈ కథ వింటుంటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. రాజమహేంద్రవరం, రాజరాజ నరేంద్రుడు, పావురం కోసం సవతి తల్లి మేడలోకి వెళ్ళిన సారంగధరుడు, నింద వేసిన చిత్రాంగి, కాళ్ళూ చేతులూ నరికించిన తండ్రి. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఇప్పటికీ ఉంది. దీనికీ పోతీఫరు ఇంటికీ నేరుగా చుట్టరికం ఉందని చెప్పడానికి ఆధారం లేదు, కథల మూస ఒకటే. అయినా ఒక పోలిక వదలబుద్ధి కాదు. నాటకాలు, సినిమాల మీదుగా ప్రచారంలోకొచ్చిన కథనంలో చిత్రాంగికి ముందు చూపించింది సారంగధరుడి చిత్రపటం, తీరా కట్టబెట్టింది అతని తండ్రికి. గుడారం సందులోంచి జులేఖా చూసిన చూపే ఇది. చేమకూర వేంకటకవి కావ్యానికి సారంగధరుడి పేరే, ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం విషాద సారంగధర, అందులోనూ అతని పేరే. చలం వచ్చి ఆమె వైపు నుంచి నాటకం రాసినప్పుడు దానికి చిత్రాంగి అని పేరు పెట్టాడు.